‘వింటర్ ఆన్ ఫైర్’ చూశాక నాకు మిగిలిన ప్రశ్న

దసరా సెలవుల్లో మా పెద్దమ్మ కొడుకు తన ఫోన్‌లో నాకు ఒక డాక్యుమెంటరీ చూపించాడు. పేరు ‘వింటర్ ఆన్ ఫైర్’. 2015లో వచ్చింది. దర్శకుడు ఎవ్‌గెనీ అఫినీవ్‌స్కీ. ఆస్కార్‌కు నామినేట్ కూడా అయింది. 2013 నవంబరు నుంచి 2014 ఫిబ్రవరి దాకా ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో 93 రోజులు జరిగిన ఉద్యమమే ఇందులో కథ. మాటలు ఇంగ్లీషులో కింద పడుతుంటాయి. నాకు అర్థం కానిచోట అన్న ఆపి చెప్పాడు.

అంతకుముందు ఉక్రెయిన్ గురించి నాకు తెలిసినవి రెండే. 2022లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడ డాక్టరు చదువుతున్న మన పిల్లలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తిరిగిరావడం టీవీలో చూశాను. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అదే సమయంలో పొద్దుతిరుగుడు నూనె ధర పెరిగిందని అమ్మ అంగట్లో గొణిగింది. ఆ నూనె మన దేశానికి ఎక్కువగా అక్కడినుంచే వచ్చేది.

ముందు మంచి చెప్తాను. ఈ సినిమా మనల్ని ఆ వీధిలోనే నిలబెడుతుంది. పోలీసులు విద్యార్థులను కొట్టిన మరునాడు వాళ్ల తల్లిదండ్రులు, ఊళ్లోవాళ్లు వేలాదిగా బయటికి వస్తారు. అర్ధరాత్రి మఠం గంటలు మోగుతాయి. హెల్మెట్లు పెట్టుకోకూడదని చట్టం తెస్తే, జనం గిన్నెలు తలమీద బోర్లించుకొని వస్తారు. అక్కడ నవ్వాను. తర్వాత కాల్పులు చూసి ఏడ్చాను. నాకంటే చిన్నవాడు, పన్నెండేళ్ల పిల్లవాడు, అక్కడ పనిచేస్తూ కనిపిస్తాడు. వాణ్ణి మర్చిపోలేను.

కానీ సినిమా అయ్యాక నాన్న ఒక్క ప్రశ్న అడిగారు. “ఇంతకీ గొడవ దేనికిరా మొదలైంది?” నేను “యూరప్‌లో చేరతామన్నారు, ప్రెసిడెంటు వద్దన్నాడు” అన్నాను. “ఎందుకు వద్దన్నాడు?” అన్నారు. చెప్పలేకపోయాను. సినిమాలో దానికి సరైన జవాబు లేదు. నా విమర్శ ఇదే.

తర్వాత మా సోషల్ సారుని అడిగి, చదివి తెలుసుకున్నాను. అప్పట్లో ఉక్రెయిన్ ఎగుమతుల్లో సుమారు నాలుగో వంతు రష్యాకు, దాదాపు అంతే యూరోపియన్ యూనియన్‌కు వెళ్లేవి. యూరప్ తనతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకోమంది. రష్యా తన కస్టమ్స్ యూనియన్‌లో చేరమంది. ఈ రెంటికీ తేడా ఉంది. యూరప్‌తో ఒప్పందం చేసుకున్నా రష్యాతో ఉన్న పాత స్వేచ్ఛా వాణిజ్యం ఉంచుకోవచ్చు. కస్టమ్స్ యూనియన్‌లో చేరితే మాత్రం బయటి సరుకుపై సుంకం అందరూ కలిసి ఒకటే నిర్ణయించాలి. కాబట్టి యూరప్‌తో విడిగా ఒప్పందం కుదరదు.

2013 ఆగస్టులో రష్యా సరిహద్దు దగ్గర ఉక్రెయిన్ లారీలను ఆపేసింది. నవంబరు 21న ఉక్రెయిన్ ప్రభుత్వం యూరప్ ఒప్పందాన్ని పక్కన పెట్టింది. డిసెంబరు 17న రష్యా 1500 కోట్ల డాలర్ల సాయం ప్రకటించి గ్యాసు ధర కూడా తగ్గించింది.

ఇది చెప్పగానే నాన్నకు ఠక్కున అర్థమైంది. మాది హోసూరు పక్కన పల్లె. గులాబీలు పండిస్తాం. కొన్ని బెంగళూరుకు, కొన్ని చెన్నైకి పోతాయి. “మండీ ఆయన అడ్వాన్సు ఇచ్చినట్టే కదా ఇది! తీసుకున్నప్పుడు చానా బాగుంటుంది. తర్వాత పువ్వంతా ఆయనకే వెయ్యాలి, ధర ఆయన చెప్పిందే” అన్నారు. మా ఇంట్లో ఒకసారి అలాగే జరిగింది. పక్క మార్కెట్లో మంచి ధర ఉన్నా ఆ సీజనంతా చూస్తూ ఊరుకున్నాం.

అయితే యూరప్ దారి మాత్రం ఊరికే వచ్చేది కాదు. చట్టాలు, సరుకు నాణ్యత నియమాలు మార్చుకోవాలి. తూర్పు ఉక్రెయిన్‌లో రష్యా కోసం యంత్రాలు, ఇంజన్లు చేసే ఫ్యాక్టరీలు ఉండేవి. వాటి పని పోతుందని అక్కడివాళ్లు భయపడ్డారు. ఐఎమ్ఎఫ్ అప్పు కావాలంటే ఇళ్లకిచ్చే గ్యాసు ధర పెంచమంది. ఇంకోవైపు, 1990లో తమలాగే ఉన్న పోలండ్ 2013కల్లా మనిషి ఆదాయంలో మూడింతలు ముందుకెళ్లడం ఉక్రెయిన్ యువకులు కళ్లారా చూశారు. వాళ్లకు కావాల్సింది సరుకు ఒక్కటే కాదు, లంచం లేని ఆఫీసు కూడా. ఆ ఆశ సినిమాలో ఉంది. ఆ ఫ్యాక్టరీ కార్మికుడి భయం లేదు. ఒక్క నిమిషం ఆయన్నీ మాట్లాడనిచ్చి ఉంటే చౌక్‌లో నిలబడ్డవాళ్ల ధైర్యం తగ్గిపోయేదా? ఇంకా పెద్దగా కనిపించేదని నేననుకుంటాను.

దీన్ని ఎవరూ తప్పుగా తీసుకోవద్దు. కార్మికుడికి భయం ఉంది కాబట్టి కాల్పులు సరే అనీ, తర్వాత వచ్చిన యుద్ధం సరే అనీ నేను అనడం లేదు. ఎవరితో వ్యాపారం చెయ్యాలో ఆ దేశమే తేల్చుకోవాలి. కానీ తేల్చుకునేటప్పుడు అందరి లెక్కా బయటపెట్టాలి.

నాకు ఈ విషయం ఎందుకు పట్టిందంటే, మేం ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, సంతలో కన్నడం మాట్లాడతాం. “నువ్వు ఎవరివైపు?” అని అడిగితే మాకు జవాబు రాదు. రెండువైపులా బతికే ఊరిని ఒక్కవైపే తేల్చుకోమంటే ఎవరో ఒకరు నష్టపోతారు. ఆ నష్టం ఎవరిదో చెప్పడం కూడా మంచి సినిమా పనే.

పెద్ద తరగతులవాళ్లు ఈ సినిమా తప్పక చూడండి. దెబ్బలు, చావులు నేరుగా చూపిస్తారు కాబట్టి చిన్నపిల్లలకు వద్దు. చూశాక మా నాన్న అడిగిన ప్రశ్న మీరూ ఒకసారి అడగండి.