పొరల తీగజాలి గొట్టాలు: పేటెంటు పరీక్షపై ఒక విమర్శ

బావినీటిని వడగట్టేటప్పుడు ఇల్లాలు గుడ్డను ఒక మడత వేస్తుంది. నీరు మరీ నలుసులుగా ఉంటే రెండు మడతలు వేస్తుంది. మడతలు పెరిగినకొద్దీ నీరు తేటపడుతుంది, కాని దిగడం ఆలస్యమవుతుంది. ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. ఒకడు గుడ్డకు బదులు సన్నని ఉక్కుతీగతో నేసిన జాలిని తీసికొని, ఐదు పొరలుగా పేర్చి, కొలిమిలో కాల్చి ఒకే పలకగా చేసి, ఆ పలకను గొట్టంగా చుట్టినాడని ఊహించవచ్చును. "ఇది నా ఆవిష్కరణ. 20 సంవత్సరాలపాటు నా అనుమతి లేనిదే మరెవ్వరూ దీనిని చేయరాదు" అని అతడు పేటెంటు కోరినాడనుకొంటే, ఆ కోరికను మన్నించవలెనా, నిరాకరించవలెనా?

"ఇంట్లో మడత గుడ్డ ఉన్నదే, ఇందులో కొత్త ఏమున్నది?" అని కొందరు వెంటనే అంటారు. "ఇంత బలమైన వడపోత గొట్టం ఇదివరకు లేదు కదా, ఇవ్వవలసిందే" అని మరికొందరు అంటారు. రెండూ తొందరపాటు మాటలే. పొరలను లెక్కపెట్టినంత మాత్రాన ఈ ప్రశ్న తేలదు. పొరలు కలిసినప్పుడు వాటి మధ్య ఏమి జరుగుతున్నదో చూడవలెను.

పదార్థము ఎట్టిది?

అంగుళానికి 100 తీగలు గల జాలిని ఉదాహరణగా తీసికొనవచ్చును. తీగ మందం 0.1 మిల్లీమీటరు అనుకొంటే, ఒక తీగ మధ్య నుండి పక్క తీగ మధ్యకు దూరం 0.254 మిల్లీమీటరు. కనుక రంధ్రపు వెడల్పు 0.154 మిల్లీమీటరు. మొత్తం వైశాల్యంలో ఖాళీ భాగం సుమారు 37 శాతం. ఇటువంటివే రెండు జాలీలను తీగ మీద తీగ పడేటట్లు పేర్చి ఎదురుగా చూస్తే ఖాళీ 37 శాతమే కనిపిస్తుంది. పై జాలిని రెండు దిక్కులా సగం గడి జరిపితే, ఒక్కొక్క రంధ్రం నాలుగు ముక్కలై, కనిపించే ఖాళీ 4.5 శాతానికి పడిపోతుంది. జాలీలు అవే, తీగలు అవే. జరిగినది పై పొర స్థానం మారడం మాత్రమే.

వదులుగా పేర్చిన పొరలతో వచ్చే చిక్కు ఇదే. ద్రవపు ఒత్తిడికి, అదురుకు పొరలు కదులుతాయి. నేడు ఒక రంధ్రం చిన్నది, రేపు అదే పెద్దది. పొరలను గట్టిగా అదిమి, గాలి లేని కొలిమిలో గాని హైడ్రోజను వాయువులో గాని సుమారు 1200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చినచో, తుప్పు పట్టని ఉక్కు కరగదు. కాని తీగలు తాకుకొనే చోట లోహపు పరమాణువులు ఇటునుండి అటు, అటునుండి ఇటు వ్యాపించి, రెండు తీగలు ఒకటిగా అతుక్కొంటాయి. ఈ ప్రక్రియను సింటరింగు అంటారు. అప్పుడు రంధ్రాలు ఎక్కడివక్కడ స్థిరపడతాయి.

పరిశ్రమలో వాడే పలకలకు సాధారణంగా ఐదు పొరలు ఉంటాయి. మొదటిది రక్షణకు, రెండవది వడపోతకు, మూడవది ద్రవాన్ని పక్కలకు పంచుటకు, చివరి రెండు ముతకవి, బలానికి. నలుసులను నిజంగా ఆపేది సన్నని రెండవ పొర ఒక్కటే. అది ఒంటరిగా ఒత్తిడికి ఆగలేదు, ముతక పొరలు ఒంటరిగా నలుసులను ఆపలేవు. ఒకదాని లోటును మరొకటి తీరుస్తున్నది.

చట్టం ఏమి అడుగుతున్నది?

భారత పేటెంటు చట్టం 1970లో వచ్చి, 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోకి వచ్చినది. తరువాత పలుమార్లు సవరించబడినది. అది ముఖ్యంగా మూడు ప్రశ్నలు వేస్తుంది. వస్తువు కొత్తదా? పరిశ్రమలో వాడదగినదా? ఆ పనిలో నేర్పు గల వ్యక్తికి తనంతట తోచేటంత తేలికైనది కాక, అందులో ఆవిష్కరణాంశం ఉన్నదా? దీనికి తోడు 3వ సెక్షనులోని ఎఫ్ భాగం మరొక గీత గీసినది. తెలిసిన సాధనాలను ఊరక పేర్చడం, మార్చి పేర్చడం, రెండింతలు చేయడం ఆవిష్కరణ కాదు, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తమ పాత పనినే చేస్తున్నంతవరకు.

ఈ చివరి షరతును మరువరాదు. పొరలు దేనికది పాత పనినే చేస్తుంటే అది పేర్పు మాత్రమే. ఒక పొర వల్ల మరొక పొర పని మారుతుంటే ఆ సెక్షను అడ్డు రాదు. అప్పుడు కూడా ఆవిష్కరణాంశం ఉన్నదని వేరుగా రుజువు కావలసిందే.

మూడు పాత సంగతులు

తీగజాలి చరిత్రలోనే మొదటి పాఠం ఉన్నది. ఇంగ్లండు బొగ్గు గనులలో దీపపు మంట వల్ల వాయువు అంటుకొని కూలీలు మరణించేవారు. 1815లో హంఫ్రీ డేవీ ఈ విషయం పరిశోధించి, మంట చుట్టూ సన్నని తీగజాలి ఉంచితే వాయువు లోపల మండినా మంట బయటికి రాదని కనుగొన్నాడు. జాలి వేడిని పీల్చి మంటను చల్లారుస్తుంది. అతని జాలికి చదరపు అంగుళానికి 784 రంధ్రాలు. దీపం పాతది, జాలి పాతది, జల్లెడ ప్రతి ఇంటిలోనూ ఉన్నది. కాని నలుసును ఆపే జాలి మంటను ఆపుతుందని అంతకుముందు వంటింటి జల్లెడ ఎవరికీ చెప్పలేదు. డేవీ దీనికి పేటెంటు తీసికొనలేదు. గాలి వేగంగా వీచే గనులలో ఒక్క జాలి చాలకపోగా, 1880వ దశకంలో వచ్చిన మార్సో దీపం వంటివాటిలో ఒకదానిపై ఒకటిగా జాలీలు అమర్చినారు. ఈ రెండవ అడుగు మొదటిదంత పెద్దదా అన్నది విద్యార్థులు తర్కించదగిన ప్రశ్న.

రెండవది అమెరికాలోనిది. ఆడమ్స్ అనే అతడు మెగ్నీషియం, క్యూప్రస్ క్లోరైడు వాడి, నీరు పోయగానే పనిచేసే బ్యాటరీ చేసినాడు. ఆ పదార్థాలు బ్యాటరీ పనిలో అంతకుముందే తెలిసినవి. కనుక ఒకదానికి బదులు మరొకటి పెట్టినాడే గాని కొత్త ఏమీ లేదని ప్రభుత్వం వాదించినది. 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చి పేటెంటు చెల్లుతుందని చెప్పినది. ఆ కలయిక అంత బాగా పనిచేస్తుందని నిపుణులే మొదట నమ్మలేకపోవడం తీర్పులో ముఖ్యమైన సాక్ష్యమైనది.

మూడవది మన దేశంలోనిది. లోహపు పాత్రలను లేతు మీద బిగించి నునుపు చేసే పద్ధతికి 1951లో ఒక పేటెంటు లభించినది. దానితో పని వేగంగా, సురక్షితంగా జరిగేది. కాని బిగించే కడ్డీ మొదలైన భాగాలు లేతు పనివారికి తెలిసినవే. వివాదం న్యాయస్థానాలకెక్కి, 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదని తేల్చినది. తెలిసినవాటి కలయిక పేటెంటుకు అర్హమైనది కావలెనంటే, అది పనిచేసే చోట జరిగే మామూలు మెరుగుదల కంటె ఎక్కువ కావలెనన్నది ఆ తీర్పు సారం. పేటెంటు పుట్టిన నాటినుండి తుది మాటకు 27 సంవత్సరాలు పట్టినవి. మొదటి పరీక్ష సరిగా జరగకపోతే ఎంత కాలం వ్యర్థమవుతుందో దీనివల్ల తెలుస్తున్నది.

పరీక్షకుల పొరపాటు

పరీక్షకుడు సాధారణంగా ఒక పత్రంలో జాలిని, మరొక పత్రంలో సింటరింగును, ఇంకొక పత్రంలో గొట్టాన్ని చూసి, "మూడూ తెలిసినవే, కలపడం తేలిక" అని వ్రాయగలడు. జవాబు చూసిన తరువాత లెక్క తేలికగానే తోస్తుంది. ఉపాధ్యాయులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుచేత "కలపవచ్చునా?" అని అడిగితే చాలదు. "దరఖాస్తు నాటికి, ఆ పని తెలిసినవాడు వీటిని కలపడానికి కారణమేమి? ఫలితాన్ని ముందే ఊహించగలడా?" అని అడగవలెను. కారణం చూపకుండా పత్రాలను కుట్టి చేసిన నిరాకరణ న్యాయమైనది కాదు.

దీనికి ఎదురుగా మరొక లోపం ఉన్నది. 13వ సెక్షను ప్రకారం పరీక్షకుడు వెదికేది ప్రచురితమైన పత్రాలలో. కాని బోరుబావికి దించే చిల్లుల గొట్టం మీద జాలి గాని, కొబ్బరి తాడు గాని చుట్టి ఇసుకను ఆపడం మన దేశంలో ఎరిగిన పనే. అటువంటి చేతిపని ఏ పత్రంలోనూ ఉండకపోవచ్చును. అది ముందే ప్రజల వాడుకలో ఉన్నదన్న అభ్యంతరాన్ని, దరఖాస్తు ప్రచురితమైన తరువాత, పేటెంటు ఇవ్వకముందు, 25వ సెక్షను కింద ఎవరైనా తెలుపవచ్చును. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. అయితే గొట్టాలు బిగించే మేస్త్రీ చెన్నైకి వ్రాతపూర్వకంగా అభ్యంతరం పంపడం ఎంత అరుదో చెప్పనక్కరలేదు. చట్టం తలుపు తెరిచినది గాని, ఆ తలుపు ఉన్నదని మేస్త్రీకి చెప్పేవారు లేరు.

దరఖాస్తుదారుల పొరపాటు

తప్పంతా పరీక్షకునిది కాదు. "రెండు లేక అంతకు ఎక్కువ పొరలు, 1 నుండి 500 మైక్రానుల రంధ్రాలు గల ఏ గొట్టమైనా నాదే" అన్న తీరుగా హక్కు కోరితే, అందులోకి పాత జల్లెడలు కూడా వచ్చి చేరుతాయి. ఇటువంటి హక్కు వాక్యాలను క్లెయిములు అంటారు. చేసిన పనికి మించి క్లెయిము కోరడం, ఒక ఎకరం దున్ని ఊరంతా నాదనడం వంటిది. ఎంత వేడి, ఎంతసేపు, ఎంత ఒత్తిడి అన్నవి దాచిపెట్టి ఫలితాన్ని మాత్రమే పొగడినచో, 20 సంవత్సరాల తరువాత కూడా ప్రజలకు దక్కేది ఏమీ ఉండదు. పేటెంటు ఒక ఒప్పందం. ప్రజలు కొంతకాలం హక్కు ఇస్తారు, ఆవిష్కర్త తన విద్యను పూర్తిగా చెప్పవలెను.

ఫలితాన్ని కొలవడం కష్టమైన పని కాదు. జాలిని ద్రవంలో తడిపి అడుగునుండి గాలి ఒత్తిడి పెంచితే, అన్నిటికంటె పెద్ద రంధ్రం నుండి మొదటి బుడగ వస్తుంది. తలతన్యతను 4తో గుణించి రంధ్రపు వ్యాసంతో భాగిస్తే ఆ ఒత్తిడి వస్తుంది. నీటి తలతన్యత మీటరుకు 0.072 న్యూటనులు. జాలిని నీరు పూర్తిగా తడిపినదనుకొంటే, 20 మైక్రానుల రంధ్రానికి 14,400 పాస్కలులు, అనగా సుమారు ఒకటిన్నర మీటర్ల నీటి ఎత్తు. ఒకే జాలి పొరలను వదులుగా పేర్చిన గొట్టానికి, కాల్చి అతికించిన గొట్టానికి ఈ పరీక్ష చేసి, పక్కపక్కన అంకెలు చూపిన దరఖాస్తు ముందు నిలుస్తుంది. అంకెలు లేని దరఖాస్తులో పొగడ్త తప్ప రుజువు ఉండదు.

కాబట్టి ఆ ఐదు పొరల గొట్టానికి జవాబు ఇది. "పొరలు ఉన్నవి" అన్నంత మాత్రాన పేటెంటు ఇవ్వరాదు, "పొరలు పాతవి" అన్నంత మాత్రాన నిరాకరించరాదు. అతుకు వల్ల ఎవరూ ఊహించని గుణం వచ్చినదని కొలతలతో చూపితే, చూపినంత మేరకు ఇవ్వవలెను. పాఠశాలలో రెండు టీ వడపోత జాలీలు, ఒక గ్లాసు బురదనీరు ఉంటే చాలు. జాలీలను ఒకదానిపై ఒకటి ఉంచి, జరిపి, మరల జరిపి వడగట్టమని విద్యార్థులకు చెప్పవచ్చును. పొర స్థానం మారితే వడపోత ఎట్లు మారుతున్నదో వారు తమ కళ్లతోనే చూస్తారు.