వాషింగ్టన్ మట్టి ముఖం

జార్జి వాషింగ్టన్‌ను ఎదురుగా చూస్తూ మట్టితో చేసిన బస్ట్ (ఛాతీ వరకే ఉండే శిల్పం) ఒకటి వర్జీనియాలోని మౌంట్ వెర్నన్ మ్యూజియంలో ఉంది. చేసింది ఫ్రెంచి శిల్పి జాన్ ఆంత్వాన్ ఊదోన్, 1785 అక్టోబరులో. అప్పటికింకా వాషింగ్టన్ అధ్యక్షుడు కాలేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగించుకొచ్చి సొంత పొలాలు చూసుకుంటున్న 53 ఏళ్ల సేనాని.

ఆయన నిలువెత్తు పాలరాతి విగ్రహం చేయించాలని వర్జీనియా శాసనసభ 1784లో తీర్మానించింది. శిల్పిని కుదిర్చే పని పారిస్‌లో ఉన్న అమెరికా ప్రతినిధి థామస్ జెఫర్సన్ మీద పడింది. చార్లెస్ విల్సన్ పీల్ గీసిన చిత్రం చూసి చెక్కేస్తే సరిపోతుందనుకున్నారు. ఊదోన్ ఒప్పుకోలేదు. మనిషిని చూడాల్సిందేనని పట్టుబట్టి, స్వదేశానికి మళ్లిన అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో పాటు ఓడెక్కాడు. ముగ్గురు సహాయకులను వెంటబెట్టుకుని అతను వాషింగ్టన్ ఇల్లైన మౌంట్ వెర్నన్ చేరేసరికి రాత్రి పదకొండు, ఇంట్లో అందరూ పడుకున్నారు. ఈ సంగతి వాషింగ్టన్ డైరీలోనే ఉంది.

బస్ట్‌తో పాటు విగ్రహానికి నమూనాగా ముఖానికి ప్లాస్టర్ అచ్చు కూడా తీశాడు. ఒంటి మీద దుప్పటి, ముక్కు రంధ్రాల్లో ఊపిరికి ఈక కాడలు, ముఖం నిండా తెల్లటి ముద్దతో వాషింగ్టన్ బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆయన భార్య మనవరాలు, ఆరేళ్ల నెల్లీ అటుగా వెళ్తూ చూసి, శవమేనని హడలిపోయిందట. పెద్దయ్యాక తనే చెప్పింది.

అచ్చు వల్ల తేలేవి కొలతలే: నుదురు, ముక్కు, దవడ. కళ్లు మాత్రం మూసుకోక తప్పదు. వాటిని శిల్పి చూసి చేయాలి, ఊదోన్ పేరు నిలిచింది అక్కడే. కనుపాపను లోతుగా తొలిచి, పైన చిన్న పలుకు వదిలేస్తాడు. గుంటలో నీడ నిండుతుంది, పలుకు మీద వెలుతురు మెరుస్తుంది, చూపు పుడుతుంది. బస్ట్‌కు రోమన్ పద్ధతిలో భుజాలు బోసిగా వదిలేశాడు. యూనిఫాం లేదు, పతకాలు లేవు. హోదా చెప్పే పనంతా కాస్త పక్కకు తిరిగిన తలదే.

రిచ్‌మండ్ నగరంలోని వర్జీనియా శాసనసభ భవనంలో 1796లో నిలిపిన ఆ పాలరాతి విగ్రహానికి యూనిఫాం, చేతికర్ర అన్నీ ఉన్నాయి. పేరు దానికే ఎక్కువ. మనిషి మాత్రం మట్టిలోనే దగ్గరగా కనిపిస్తాడు. ఊదోన్ అచ్చును పారిస్ తీసుకుపోయాడు. ఇప్పుడది న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో ఉంది. బస్ట్‌ను ఇంటాయనకే వదిలి వెళ్లాడు. వాషింగ్టన్ దాన్ని తన చదువు గదిలో పెట్టుకున్నాడు.