కర్త లేని వాక్యం

దరఖాస్తు ఎలా రాయాలో పదవ తరగతి పిల్లలకు ఏటా చెబుతుంటాను. తేదీ, సంబోధన, విషయం, సంతకం సరిగ్గా ఉంటే మార్కులు పడతాయి. ఆ రాత వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్నదానికి మార్కులు లేవు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇదే చదువును రెటరిక్, వృత్తిరచన అన్న పేర్లతో పెద్దయెత్తున బోధిస్తారు. ఇంజనీర్లూ అధికారులూ రాసే నివేదికలు అక్కడి అధ్యాపకుల పరిశోధనకు వస్తువు. గుమాస్తా శిక్షణ అని మనం దీన్ని తోసిపుచ్చడం తొందరపాటే అవుతుంది.

సాంకేతిక రచన వాస్తవాన్ని ఉన్నదున్నట్టు చూపే అద్దాల కిటికీ అన్న నమ్మకాన్ని 1979లో కరొలిన్ మిల్లర్ ఖండించారు. 1992లో స్టీవెన్ కాట్జ్ 'కాలేజ్ ఇంగ్లీష్' పత్రికలో మరింత కఠినమైన ప్రశ్న వేశారు. ఆయన పరీక్షకు తీసుకున్నది 1942 జూన్ 5 నాటి ఒక నాజీ కార్యాలయ లేఖ. విషవాయువుతో మనుషుల్ని చంపే వ్యాన్లలో చేయవలసిన మార్పులు అందులోని విషయం. సరుకు ఎంత పట్టాలి, దీపాలకు రక్షణ ఎలా, లోపల కడగడం సులువయ్యేదెలా అన్నవి వరుసగా ఉన్నాయి. సరుకంటే మనుషులు. మూడు బండ్లతో 97,000 పని పూర్తయిందని ఉంది. 97,000 ఏమిటో ఆ వాక్యం చెప్పదు. జర్మన్ మూలంలో అది కర్మణి వాక్యం. చంపినవాడూ లేడు, చచ్చినవాడూ లేడు. నివేదికగా చూస్తే మాత్రం లోపం లేదు!

పని నెరవేరడమే ధర్మమన్న దృష్టి ఇందుకు మూలమని కాట్జ్ అంటారు. నిజమే. కాని ఎవరి పని? ఆ బండ్లకు పెట్టెలు బిగించింది బెర్లిన్‌లోని గౌబ్‌షాట్ సంస్థ. ఆష్విట్జ్ పక్కన బందీల శ్రమతో కర్మాగారం కట్టించింది ఐజీ ఫార్బెన్. ప్రయోజనం అన్న మాట వెనుక ప్రయోజనం పొందే వర్గం ఒకటి ఉంటుంది. దాన్ని విడిచి నీతిని మాత్రమే చర్చిస్తే విమర్శ సగంలో ఆగిపోతుంది.

ఆ ఘోరాన్నీ మన కచేరీలనూ ఒకే గాట కట్టడం నా ఉద్దేశం కాదు. వాక్య నిర్మాణం మాత్రం గమనించదగింది. 1966లో అధికారభాషా చట్టం వచ్చింది. ఉత్తర్వులు తెలుగులోకి వచ్చినా ఆ వాక్యం పోలేదు. 'ఆక్రమణలు తొలగించబడినవి' అని నోటీసులో రాస్తారు. మన పల్లెల్లో ఎవరూ అలా మాట్లాడరు. 'వాళ్లొచ్చి మా గుడిసెలు పీకేశారు' అంటారు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్నది వ్యాకరణ భేదం మాత్రమేనా?

ఈ ఏడు ఆ నోటీసు వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి, కర్తను చేర్చి తిరగరాయమన్నాను. చాలాసేపు కలాలు కదలలేదు. చివరకు వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది: "ఎవరి పేరు రాయాలి సార్?"

వృత్తిరచన బోధించే మనమంతా ముందు జవాబు చెప్పవలసింది ఆ ప్రశ్నకే.