రెండో మీటింగుకీ వెళ్లండి

తాగుడు మాన్పించడానికి ఆసుపత్రి ఉంది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి లేని మనుషులు కనిపించి ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి దేవుడి పటం ముందు ఒట్టు వేయించే ముందు డాక్టరుకి చూపించాలి. అక్కడిదాకా దారి తెలిసిందే. మరి డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక, సాయంత్రం ఏడింటికి ఆ మనిషి ఏం చెయ్యాలి? ఎన్నో ఏళ్లు ఆ వేళకి వైన్స్ వైపే నడిచిన కాళ్లవి.

మా తమ్ముడికి ఆ జవాబు సికింద్రాబాద్‌లో ఒక చర్చి ఆవరణలోని గదిలో దొరికింది. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అది, అందరూ ఏఏ అంటారు. (పేరు రాయనని మాటిచ్చాకే వాడు ఈ కాలమ్‌కి ఒప్పుకున్నాడు.) గేటు మీద శిలువ చూసి మా అమ్మ, ‘వీణ్ణి మతంలో కలిపేస్తారేమోనే’ అంది. చాలా ఇళ్లలో ఉన్న భయమే ఇది. ఏఏ ఏ మతానికీ, ఏ పార్టీకీ చెందదు. గది దొరికింది కనక అక్కడ కూర్చుంటారు. మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉన్న మాట నిజమే. ఆ దేవుడు ఎవరికి అర్థమైనట్టు వారికి. చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. ఫీజు లేదు.

వాళ్ల ఓపెన్ మీటింగులకి ఇంటివాళ్లూ వెళ్లొచ్చు, క్లోజ్డ్‌వి మానాలనుకునేవాళ్లకి మాత్రమే. నేనూ వెళ్లాను. అక్కడ విన్నవి అక్కడే వదిలి రావాలి, అందుకే ఎవరి కథా రాయను. వాళ్లు వినే తీరు మాత్రం చెప్పాలి. ఒకరు మాట్లాడుతుంటే ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు. అయ్యాక థాంక్యూ అంటారు, తర్వాతివాళ్లు తమ సంగతి చెబుతారు. తాగే మనిషికి మన ఇళ్లలో సలహాలకి కరువా? మేనమామ నుంచి పక్కింటాయన దాకా అందరూ చెప్పేవాళ్లే. తనలాగే పొద్దున్నే వణికే చేత్తో సీసా వెతుక్కున్న మనిషి మాత్రం ఆ చుట్టుపక్కల ఒక్కడూ ఉండడు.

తమ్ముడు మొదటిరోజు పేరు చెప్పి కూర్చున్నాడు, అంతే. టీ తాగేటప్పుడు ఒక పెద్దాయన వాడి ఫోన్ తీసుకుని తన నంబరు ఎక్కించి, ‘తాగాలనిపిస్తే చెయ్యి తమ్ముడూ. తాగకముందు చెయ్యి’ అన్నారు. ఆ రాత్రే చేశాడు. మేడ మీద అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు మాట్లాడాడు. మాలో ఎవరితోనూ వాడు అంతసేపు మాట్లాడి ఏళ్లయింది.

అసలు ఏఏ పుట్టిందే అలాంటి ఫోనుతో. 1935లో బిల్ అనే న్యూయార్క్ మనిషి, అప్పటికి కొన్ని నెలలుగా తాగనివాడు, వ్యాపారం పనిమీద అక్రన్ అనే ఊరు వెళ్లాడు. పని చెడింది. హోటల్లో ఒకపక్క బార్, ఒకపక్క ఫోన్. తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప ఈ సాయంత్రం గడవదని తోచి, ఎవరెవరికో ఫోన్లు చేశాడు. చివరికి డాక్టర్ బాబ్ అనే సర్జన్ దొరికాడు. పావుగంటకి మించి ఉండనని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆయన ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు. బిల్ భార్య లోయిస్ 1951లో ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ మొదలుపెట్టడంలో ముందు నిలిచింది. మా మరదలు వెళ్లేది దానికే. మొగుడు మానేశాక కూడా ఆవిడ అతని జేబులు వెతకడం మానలేకపోయింది. ఆ బెంగ చెప్పుకోవడానికి ఆవిడకీ ఒక చోటు కావాలి కదా.

మాటలతో తాగుడు మానుతుందా అనేవాళ్లకి ఒక్క సంగతి. 2020లో, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు, పదివేలమందికి పైగా మనుషుల వివరాలు పరిశీలించింది. మళ్లీ ముట్టకుండా నిలబడే విషయంలో ఏఏకి, ఏఏలో చేర్పించే చికిత్సకి పేరున్న ఇతర చికిత్సలతో సమానమైన ఫలితం, కొన్నిచోట్ల మెరుగైన ఫలితం కనిపించింది. అయితే మన దేశంలో మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే చెప్పింది.

మీటింగు వెతుక్కునేవాళ్లు డీఅడిక్షన్ వార్డులో అడగండి, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చెయ్యండి. మనసు బాగా కుంగితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. వెళ్లేముందు మీటింగు ఓపెనా క్లోజ్డా, ఏ భాషలో నడుస్తుంది అని కనుక్కోండి. చిరునామా చేతిలో పెట్టి పంపకండి, గేటు దాకా వెంట వెళ్లండి. మొదటిరోజు చాలామందికి నచ్చదు. రెండోసారి వెళ్లాలి. ఆ గుంపు కుదరకపోతే ఇంకో గుంపు చూడాలి. మీటింగుల్లో ఆడవాళ్లు తక్కువగా కనిపిస్తారు. తాగే ఆడమనిషికి ఇంట్లోనే తలుపులు మూసుకుపోతాయి, కనక ఆమెతో ఎవరో ఒకరు తప్పకుండా వెళ్లాలి.

పట్నం దాటితే మీటింగు దొరకడం కష్టం. మందు మీద ఊళ్లు పోరాడకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలింది. దుకాణం మళ్లీ ఊళ్లోకి వచ్చింది. మానాలనుకునేవాడు కూర్చునే గది మాత్రం చాలా ఊళ్లలో ఇప్పటికీ లేదు. మానాలనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే చాలు, గుంపు మొదలుపెట్టుకోవచ్చు. బయటివాళ్ల విరాళాలు ఏఏ వాళ్లు తీసుకోరు, అద్దె తామే కడతారు. మీ చేతిలో బడి గదో, గ్రంథాలయమో, కమ్యూనిటీ హాలో ఉంటే వారానికి ఒక సాయంత్రం వాళ్లకి ఇవ్వండి.