పట్టూ విడుపూ

పార్లర్ సరుకు అమ్మే కుర్రాడు కొత్త వ్యాక్స్ డబ్బా మూత తీసి చేతికిస్తే చాలామంది ముందు వాసన చూస్తారు. చాక్లెట్, స్ట్రాబెర్రీ, కలబంద, గ్రీన్ ఆపిల్. కంపెనీలకూ ఆ సంగతి తెలుసు. గుంటూరులో ఏళ్ల తరబడి పార్లర్ నడుపుతున్న ఒకావిడ వ్యాక్స్ ఎంచుకునే తీరు దగ్గరుండి చూశాను. ఆవిడ ముక్కుకు పని చెప్పరు. డబ్బాను హీటర్‌లో పెట్టి, కరిగాక వ్యాక్స్ రాసే నైఫ్ ముంచి పైకెత్తి, జారే తీగను చూస్తారు. తీగ ఒకే మందాన జారి, నైఫ్ తిప్పగానే తెగాలి. తెగకుండా సాగి సాగి కస్టమర్ మోచేతికీ మంచం మీది దుప్పటికీ అంటుకునే రకమైతే ఆ డబ్బా వచ్చిన దారినే పోతుంది. "వాసన అరగంటలో పోతుందమ్మా, జిడ్డు రెండు రోజులుంటుంది" అని పని నేర్చుకునే అమ్మాయితో అంటారు.

వ్యాక్స్ చేయాల్సిన పని చెప్పుకోవడానికి తేలిక. వెంట్రుకను గట్టిగా పట్టుకోవాలి, చర్మాన్ని వదిలేయాలి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. వెంట్రుకా, చర్మం పైపొరా రెండూ కెరాటిన్ జాతి ప్రొటీన్‌తో తయారైనవే. ఒకదానికి అంటుకునే జిగురు రెండోదానికీ అంటుకుంటుంది. ఆ రెండింటి మధ్య తేడా చూపించడానికి మంచి వ్యాక్స్‌కు కొన్ని ఉపాయాలే ఉన్నాయి. వెంట్రుక సన్నటి కడ్డీ కాబట్టి దాన్ని చుట్టూ కమ్ముకోవచ్చు, చర్మానికి ఒక వైపే అంటుకోగలదు. చల్లారే వేగం, లాగే వేగం మిగతా పని చేస్తాయి. మెల్లగా లాగితే సాగి కారిపోయే పదార్థమే చటుక్కున లాగితే గట్టి రేకులా ఒక్క ముక్కగా లేచివస్తుంది. అందుకే ఒకే డబ్బా ఒకరి చేతిలో మంచిదనీ ఇంకొకరి చేతిలో చెడ్డదనీ పేరు తెచ్చుకుంటుంది.

బాగా పాత రకం పంచదారది. పశ్చిమాసియాలో, ఈజిప్టులో ఆడవాళ్లు పంచదార, నిమ్మరసం, నీళ్లు కాచి ముద్ద చేసి వాడుకోవడం తరాలుగా ఉన్నదే. అరిసెలు వండిన ఇల్లాలికి ఇందులో కొత్తేమీ లేదు. నీళ్లలో వేస్తే ఉండ కట్టే పాకం దగ్గరే, సుమారు 115 నుంచి 120 డిగ్రీల మధ్య, దీన్నీ దించుతారు. నిమ్మరసం ఊరికే పిండరు. ఆ పులుపు పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. అలా విడగొట్టకపోతే చల్లారగానే పాకం పలుకు కట్టి, చర్మం మీద ఇసుక రాసినట్టు గీరుకుంటుంది. దీని గొప్ప సుగుణం నీళ్లతో కడిగేస్తే పోవడం. అవగుణమూ అక్కడి నుంచే వస్తుంది. ఫ్రక్టోజ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోస్తాలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే చక్కెర వ్యాక్స్ ఎంత బాగా కాచినా చెమటతో కలిసి జావైపోతుంది. మన బజారులో 'హనీ' అని రాసి ఉన్న డబ్బాలన్నీ ఈ కోవలోవి కావు. ఆవిడ పరీక్ష చిన్నది. నైఫ్ మొన మీది చుక్కను గ్లాసులోని గోరువెచ్చని నీళ్లలో ఆడిస్తారు. కరిగితే చక్కెరది. కరగక గట్టిపడితే అది చెట్టు జిగురు రకం, పేరులో ఎంత తేనె ఉన్నా సరే.

ఆ చెట్టు జిగురు కథ తెలిస్తే లేబుల్ చదవడం వస్తుంది. పైన్ చెట్టుకు గాటు పెడితే కారే జిగురును బట్టీ పడితే టర్పెంటైన్ ఆవిరై బయటికి వస్తుంది, అడుగున తేనెరంగు గాజు ముక్కల్లాంటిది మిగులుతుంది. అదే రోజిన్. మన దేశంలో హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లోని చీర్ పైన్ చెట్ల నుంచి తీస్తారు. వయొలిన్ కమానుకు రాసేదీ, ఎలక్ట్రానిక్స్ సోల్డరింగ్‌లో పొగ వచ్చేదీ ఇదే. పట్టు విషయంలో దీన్ని మించింది లేదు. కానీ గాలి తగిలి ఆక్సీకరణ చెందిన రోజిన్ కొందరి చర్మానికి పడదు. ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. అందుకే మంచి తయారీదారులు దాన్ని గ్లిజరిన్‌తో కలిపి గ్లిజరిల్ రోజినేట్‌గా మార్చి వాడతారు. రంగు తేలికవుతుంది, గాలికి అంత త్వరగా పాడవదు. పడనివాళ్లకు ఇది కూడా పూర్తి అభయమేమీ కాదు. అయినా లేబుల్ మీద రోజిన్‌కే మరో పేరైన కొలొఫోనియం అని ఉందా, గ్లిజరిల్ రోజినేట్ అని ఉందా అని ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మరీ చదువుతారు. మన పార్లర్లలో అందరూ 'రికా' అని పిలిచే ఇటలీ సరుకు ఈ నూనెలో కరిగే జాతిదే. నీళ్లతో పోదు, తర్వాత నూనె రాసి తుడవాలి. ఆ పేరు ఇప్పుడు ఎంత వాడుకైపోయిందంటే, తెల్లగా చిక్కగా ఉన్న ఏ వ్యాక్స్‌నైనా కస్టమర్లు రికా అనే అడుగుతున్నారు. తెలుపు చాలాసార్లు టైటానియం డయాక్సైడ్ అనే పొడి చలవ. తెల్లగా ఉన్నంత మాత్రాన మెత్తనిది అనుకోవడం నాకు అమాయకత్వంగానే తోస్తుంది.

చంకలకు, పెదవి పైన ఈ రెండు రకాలూ ఆవిడ వాడరు. అక్కడ బీన్స్ వ్యాక్స్. గింజల రూపంలో సంచుల్లో వస్తుంది. రోజిన్‌తో పాటు తేనెమైనమో, సాగే గుణం ఇచ్చే పాలిమర్లో ఇందులో ఉంటాయి. కాస్త మందంగా రాస్తే చల్లారుతూ లోపలికి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడంలో వెంట్రుకను బిగించి పట్టి, చర్మం మీద పట్టు సడలిస్తుంది. పైన అద్ది లాగే స్ట్రిప్ అక్కర్లేదు, అంచు పట్టుకుని లేపడమే. నాణ్యత తేల్చడానికి ఆవిడ స్టీలు పళ్లెం మీద అరచేయంత రాసి ఆరనిస్తారు. ఆరిన రేకును రెండుగా మడుస్తారు. విరిగితే పనికిరాదు. విరిగే వ్యాక్స్ చంకలో ముక్కలై, ఆ ముక్కలు ఏరేసరికి కస్టమర్‌కు కన్నీళ్లు వస్తాయి. రబ్బరులా ఎంతకూ సాగుతూ పోయినా వద్దు, లాగిన ఊపు వెంట్రుక కుదురు దాకా చేరదు.

చేతిపని చూడాలంటే ఆవిడ ఫుల్ హ్యాండ్స్ చేస్తున్నప్పుడు చూడాలి. ముందు తన మణికట్టు లోపలి వైపు చుక్క రాసుకుని వేడి చూసుకుంటారు. కస్టమర్ చేతి మీద పౌడర్ పలచగా, చెమట పీల్చేంత మాత్రమే. నైఫ్‌ను వాలుగా పట్టి వెంట్రుక మొలిచిన వైపే గీస్తే వ్యాక్స్ ఎంత పలచగా పరుచుకుంటుందంటే, కింద చర్మం రంగు కనబడుతుంది. స్ట్రిప్ వేసి రెండుసార్లు నిమిరి, ఎడమచేత్తో చర్మాన్ని బిగించి, కుడిచేత్తో ఎదురు దిశలో లాగుతారు. పైకి కాదు, చర్మానికి ఆనుకుని, వెనక్కి. పైకి లాగితే చర్మమూ వెంట లేస్తుంది, వెంట్రుక మధ్యలో తెగుతుంది. లాగిన మరుక్షణం అరచేయి అక్కడ అదిమిపెడతారు. ఇంత పని జరిగే లోపల కస్టమర్ ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంటుంది.

తర్వాత చేసే పని నాకు ఇంకా నచ్చింది. వాడిన స్ట్రిప్‌ను వెంటనే బుట్టలో వేయరు. ట్యూబులైటు కిందికి తీసుకెళ్లి చూస్తారు. వెంట్రుకల చివర చిన్న ఉబ్బు కనబడితే కుదురుతో వచ్చినట్టు. మొద్దుగా కోసినట్టుంటే తెగినట్టు. తెగినవి వారం తిరక్కుండా గరుకుగా తేలతాయి, కొన్ని లోపలే వంకర తిరిగి ఇన్‌గ్రోత్ అవుతాయి. కుదురుతో వచ్చినవి మళ్లీ పైకి రావడానికి మూడు నుంచి ఆరు వారాలు. కొత్త వ్యాక్స్ మీద ఆవిడ ఇచ్చే తీర్పు ఆ స్ట్రిప్ మీదే ఉంటుంది. వెంట్రుక పావు అంగుళం కూడా లేకుండా వస్తే వ్యాక్స్‌ను నిందించి లాభం లేదు, "ఇంకో వారం ఆగి రా తల్లీ" అంటారు.

స్ట్రిప్ విషయంలోనూ కాలం మారింది. ఒకప్పుడు జీన్స్ గుడ్డ ముక్కలు కత్తిరించుకుని, వేడినీళ్లలో ఉతికి ఆరేసి మళ్లీ వాడేవారు. ఇప్పుడు వాడి పారేసే నాన్‌వోవెన్ స్ట్రిప్స్. ముంచిన నైఫ్‌ను మళ్లీ డబ్బాలో పెట్టకపోవడం మాత్రం ఇంకా చాలా చోట్ల అలవాటు కాలేదు. ఆవిడ ముందుగానే చిన్న గిన్నెలోకి ఒక మనిషికి సరిపడా తోడుకుంటారు, మిగిలినది పారేస్తారు.

డబ్బా ఎంత మంచిదైనా తెరవకూడని సందర్భాలున్నాయి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవాళ్ల చర్మం పైపొర పలచబడి ఉంటుంది, వ్యాక్స్‌తో పాటు ఊడివస్తుంది. మాత్రలు ఆపాక కూడా ఆరు నెలలు వద్దని చర్మవైద్యులు చెబుతారు. రెటినాల్ క్రీములు రాస్తున్న చోటా వ్యాక్స్ వద్దు. ఈ ప్రశ్న అడగని పార్లర్‌కు ఖరీదైన వ్యాక్స్ ఉండి ఏం లాభం?

సరుకు హైదరాబాద్ బేగంబజార్ నుంచీ, విజయవాడ నుంచీ వస్తుంది. కొనేటప్పుడు ఆవిడ చూసేవి లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు, తెప్పించినవారి చిరునామా ఉండాలని 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ చెబుతున్నాయి. ఇవేవీ లేకుండా సగం ధరకు ఇస్తామంటే కుర్రాడికి టీ ఇప్పించి పంపేస్తారు. తెరిచిన రోజు తేదీని డబ్బా మీద మార్కర్‌తో రాస్తారు, పదేపదే వేడెక్కి రంగు ముదిరితే అడుగున పావుకిలో మిగిలినా తీసిపడేస్తారు. ఖాళీ అయిన విదేశీ డబ్బాలకు స్క్రూడ్రైవర్‌తో అడుగున రెండు చిల్లులు పొడిచి గానీ పాత సామాన్లవాడికి వేయరు. అందులో ఇంకేదో నింపి మళ్లీ తన గుమ్మానికే అమ్మకానికి తెస్తారని ఆవిడ అనుమానం.