పొరుగు మారితే అయస్కాంతం (ముందుమాట)

గది ఉష్ణోగ్రత దగ్గర అయస్కాంతాలుగా నిలిచే మూలకాలు ఇనుము, కోబాల్టు, నికెల్ అని తరతరాలుగా పాఠం చెబుతున్నాం. రోడియం, పల్లాడియం, రుథేనియం వంటి పరివర్తన లోహాలకు ఆ గుణం లేదని ఒక్క మాటలో తేల్చేసి ముందుకు వెళ్తున్నాం. ఈ పుస్తకం అక్కడే ఆగి, ఎందుకు లేదని అడిగింది. ఒక లోహం అయస్కాంతం అవుతుందా కాదా అన్నది చాలావరకు దాని పరమాణువుల అమరిక మీద ఆధారపడుతుందని రచయిత్రి ఓపికగా నిరూపించింది.

ఇనుమునే చూడండి. దాదాపు 13 గిగాపాస్కల్‌ల ఒత్తిడిలో, అంటే వాతావరణ పీడనానికి సుమారు లక్షా ముప్పై వేల రెట్ల ఒత్తిడిలో, దాని స్ఫటికం షట్కోణ కూర్పులోకి మారిపోతుంది. దాంతో ఫెర్రో అయస్కాంతత్వం పోతుంది. పరమాణువులు అవే, అమరిక వేరు. నిర్మాణం పోగొట్టగలిగిన గుణాన్ని నిర్మాణమే తెచ్చిపెట్టగలదా?

జవాబుకు దారి 1938లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ స్టోనర్ వేశాడు. ఎలక్ట్రాన్ల స్పిన్లు ఒకే దిశకు తిరిగితే వాటి మధ్య వికర్షణ తగ్గి కొంత శక్తి ఆదా అవుతుంది. అయితే అందుకోసం కొన్ని ఎలక్ట్రాన్లు పై స్థాయిలకు ఎక్కాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. ఎలక్ట్రాన్లు నిండిన స్థితుల పై అంచు అయిన ఫెర్మి స్థాయి దగ్గర స్థితులు కిక్కిరిసి ఉంటే ఆ ఖర్చు తక్కువ. ఆదా ఖర్చును మించితే లోహం అయస్కాంతమవుతుంది. పల్లాడియం ఆ హద్దుకు చాలా దగ్గరగా వచ్చి ఆగిపోయింది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది రోడియం అధ్యాయం. రోడియం ముద్దలో ప్రతి పరమాణువు చుట్టూ పన్నెండు పొరుగు పరమాణువులుంటాయి. పదమూడు పరమాణువుల గుచ్ఛాన్ని ఇరవై ముఖాల ఆకృతిలో ఊహిస్తే, నడిమిదానికే పన్నెండు పొరుగులు, మిగతావాటికి ఆరేసి. పొరుగు తగ్గితే శక్తి పట్టీ ఇరుకై, స్థితులు ఒకచోట గుమిగూడతాయి. 1993లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో కాక్స్, లౌడర్‌బ్యాక్, బ్లూమ్‌ఫీల్డ్ ఇలాంటి గుచ్ఛాల పుంజాన్ని అసమ అయస్కాంత క్షేత్రం గుండా పంపి, అది పక్కకు ఎంత మళ్ళిందో కొలిచారు. 12 నుంచి 32 పరమాణువులున్న రోడియం గుచ్ఛాలు అయస్కాంతాలని తేలింది. ఈ ప్రయోగాన్ని ఇంత స్పష్టంగా తెలుగులో చెప్పడం సామాన్యమైన పని కాదు.

2015లో అదే లీడ్స్‌లో రాగి, మాంగనీసు పలుచటి పొరలకు కార్బన్-60 అణువులను జతచేసి అయస్కాంతత్వం రప్పించారు. 2018లో మిన్నెసోటా పరిశోధకులు రుథేనియాన్ని చతుష్కోణీయ స్ఫటికంగా పెంచి, గది ఉష్ణోగ్రత దగ్గరే ఫెర్రో అయస్కాంతంగా చూపించారు.

ఇలాంటి ఫలితాల పట్ల అనుమానం కూడా అవసరమే. ఉక్కు పట్టకారు తగిలి అంటుకున్న ఇనుప రేణువులు చాలు, లేని అయస్కాంతత్వం ఉన్నట్టు కనిపించడానికి. ఆ ప్రమాదానికి రచయిత్రి ఒక అధ్యాయమే కేటాయించడం ఆమె నిజాయితీకి గుర్తు.

స్ఫటిక సౌష్ఠవానికీ భౌతిక గుణాలకూ గల సంబంధం మీద మన సూరి భగవంతం గారి ఆంగ్ల గ్రంథం 1966లో వచ్చింది. ఆ కోవలోని చర్చ తెలుగులో చదవగలగడం నాకు పట్టరాని సంతోషం.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివినవారెవరైనా దీన్ని అందుకోగలరు. స్టోనర్ అధ్యాయం కష్టమనిపిస్తే పటాలు గీసుకుంటూ మరోసారి చదవండి. అధ్యాపక మిత్రులు దీన్ని తరగతి గదికి తీసుకువెళ్లాలని కోరుతూ, చిరంజీవి రచయిత్రికి నా ఆశీస్సులు.