పడవకు పక్కతోడు

పాతకాలం సింహళ జాలర్లు గాలి బలాన్ని మనుషులతో కొలిచేవారు. ఒక మనిషి గాలి, ఇద్దరు మనుషుల గాలి, ముగ్గురి గాలి. పంతొమ్మిదో శతాబ్దంలో సిలోనుకు వచ్చిన ఆంగ్లేయులు ఈ లెక్కను వింతగా రాసుకున్నారు. ఆ పడవను దగ్గరగా చూస్తే వింతేమీ కనిపించదు. ఒరువ అనే ఆ తెరచాప పడవ పైభాగం మనిషి కాళ్లు పట్టడమే కష్టమన్నంత ఇరుకు. దానికి ఒక పక్కన, రెండు పొడవాటి అడ్డకర్రల చివర, నీళ్ల మీద ఒక దుంగ తేలుతూ ఉంటుంది. ఆ దుంగ ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉంటుంది. గాలి పెరిగి పడవ అవతలికి ఒరగబోతే ఒకడు అడ్డకర్రల మీదుగా దుంగ వైపు నడిచి వెళ్లి కూర్చుంటాడు. ఇంకా పెరిగితే రెండోవాడూ వెళతాడు. ఎంతమంది వెళ్లాల్సి వస్తే అంత గాలన్నమాట.

ఆ దుంగా అడ్డకర్రలూ కలిపిన అమరికనే అవుట్రిగర్ అంటారు. అటు మడగాస్కర్ నుంచి ఇటు హవాయి, ఈస్టర్ దీవి దాకా, భూగోళంలో సగానికి పైగా మేర, ఒకే కుటుంబానికి చెందిన భాషలు మాట్లాడే ఆస్ట్రోనేసియన్ జనం ఈ విద్యను మోసుకెళ్లారు. శ్రీలంక, తూర్పు ఆఫ్రికా తీరాలు కూడా దీన్ని అందిపుచ్చుకున్నాయి.

ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు ఇది ఊతకర్రలా కనిపిస్తుంది. పడవ సన్నం, పడిపోతుంది, అందుకని పక్కన ఊతం పెట్టారనిపిస్తుంది. నాకు ఈ వరస తలకిందులుగా తోస్తుంది. దుంగ తోడు ఉంది కాబట్టే పడవను అంత సన్నగా చెక్కే ధైర్యం వచ్చింది. సన్నదనమే వాళ్లకు కావలసిన సరుకు.

ఎందుకో లెక్క చూద్దాం. తేలే వస్తువు కాస్త ఒరిగినప్పుడు మళ్లీ నిటారుగా లేచే శక్తి నీటిమట్టం దగ్గర దాని వెడల్పును బట్టి ఉంటుంది. అదీ వెడల్పు ఘనాన్ని బట్టి. వెడల్పు సగమైతే ఆ శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 8 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న దోనె ఒకటి ఉందనుకోండి. అందులో నిలబడి వల విసరడం సాము గరిడీ పనే. దానికి రెండున్నర మీటర్ల దూరంలో 4 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దుంగను కట్టండి. చిన్న ఒరుగుళ్లను తట్టుకునే శక్తి సుమారు 50 రెట్లవుతుంది. దుంగ లేకుండా అంత నిలకడ రావాలంటే పడవ వెడల్పును దాదాపు 1.85 మీటర్లకు పెంచాలి. (దోనెనూ దుంగనూ నీటిమట్టం దగ్గర దీర్ఘచతురస్రాలుగా తీసుకుని వేసిన మోటు లెక్క ఇది. అసలు పడవకు అంకెలు మారతాయి, తీరు మారదు.) అంత వెడల్పు పడవ ప్రతి అడుగుకూ నీటిని పక్కలకు తోసుకుంటూ, ముందు అల లేపుకుంటూ వెళ్లాలి. తెడ్డు వేసేవాడి భుజాలు లాగేస్తాయి. అంత లావు చెట్టు పగడపు దీవిలో దొరకాలి కూడా. మధ్య పసిఫిక్‌లోని దీవులు చాలావాటిలో సీమపనస మానే పెద్ద దిక్కు.

ఈ 50 రెట్లు దుంగ నీటిని తాకుతున్నంతసేపే. తెరచాప నిండి దుంగ నీటిపైకి లేచిందంటే లెక్క మారిపోతుంది, అప్పుడు పనిచేసేది దాని బరువు. 40 కిలోల దుంగ రెండున్నర మీటర్ల దూరాన ఉంటే కాటా చివర పెట్టిన తూకపురాయి చేసే పనే చేస్తుంది. 60 కిలోల మనిషి వెళ్లి దాని పక్కన కూర్చుంటే ఆ బలం రెండున్నర రెట్లవుతుంది. ఓడలో బరువంతా అడుగున నింపి నిలబెట్టే పద్ధతిలో ఆ బరువును ఎప్పుడూ మోస్తూనే ఉండాలి. ఇక్కడ బరువు మనుషులదే. అవసరమైనప్పుడు కర్ర చివరకు వెళుతుంది, తీరాక వెనక్కి వస్తుంది.

మరి దుంగను ఇంకా దూరంగా ఎందుకు కట్టరు? దూరం పెరిగేకొద్దీ నిలకడ పెరుగుతుంది నిజమే, కానీ అడ్డకర్రల మీద భారం కూడా పెరుగుతుంది. అల దుంగను ఒక పక్క, పడవను ఒక పక్క ఎత్తి దించుతుంటే విరిగేవి ఆ కర్రలే. ఇంకో చిక్కు ఉంది. దుంగ నీటిలో రాసుకుంటుంది కదా, ఆ రాపిడి పడవ ముక్కును తన వైపు లాగుతుంది. దూరం ఎక్కువైతే ఆ లాగుడుకు బలం ఎక్కువ. దుంగను లావు చేస్తే తేలే శక్తి వస్తుంది, రాపిడీ వస్తుంది. సన్నం చేస్తే చురుకు వస్తుంది, కానీ పెద్ద అలకు మునిగిపోతుంది. అందుకని హవాయి వాళ్లు దుంగ ముందు కొనను పైకి వంచి చెక్కుతారు, అలలోకి దూసుకుపోకుండా దాని మీదికెక్కేలా. ఒక్కో దీవి ఈ బేరాన్ని తన సముద్రాన్ని బట్టి ఒక్కోలా కుదుర్చుకుంది.

ముక్కు పక్కకు లాగే చిక్కుకు మైక్రోనేసియా వడ్రంగులు చూపిన పరిష్కారం నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరుస్తుంది. మార్షల్ దీవుల్లో, కరోలిన్ దీవుల్లో పడవ రెండు పక్కలూ ఒకేలా ఉండవు. దుంగ ఉన్న వైపు, అంటే గాలి వచ్చే వైపు, పొట్ట గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. అవతలి వైపు చదునుగా కోసినట్టుంటుంది. ఇలా వంకరగా చెక్కిన పడవ తనంతట తాను దుంగకు దూరంగా తిరగాలని చూస్తుంది. దుంగేమో తన వైపు లాగుతుంది. రెండూ సరిపోయి పడవ తిన్నగా పోతుంది. చుక్కాని పట్టినవాడికి సగం పని తగ్గుతుంది. ఏ కాగితం మీదా గీయకుండా, కంటితో, చేత్తో, బాడిసెతో సాధించిన సంగతి ఇది.

దుంగ ఎప్పుడూ గాలి వైపే ఉండాలన్నప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. ఎదురుగాలిలో వంకరటింకరగా పోతూ దిశ మార్చేటప్పుడు మామూలు పడవ ముక్కు తిప్పుతుంది, గాలి రెండో పక్కకు వస్తుంది. ఈ పడవ అలా తిరిగితే దుంగ తప్పు వైపుకు పోతుంది. అందుకని దీనికి ముక్కూ తోకా అని వేరే లేవు. దిశ మార్చాల్సినప్పుడు తెరచాప తాడు వదులుతారు, పడవ గాలికి అడ్డంగా ఆగుతుంది. ఒకడు తెరచాప కింది మొనను విప్పి, భుజాన వేసుకుని, ఇరుకు పడవ మీద ఈ కొస నుంచి ఆ కొసకు మోసుకెళ్లి బిగిస్తాడు. తెరచాప కొయ్య అటు వాలుతుంది. చుక్కాని తెడ్డు ఇటు కొసకు వస్తుంది. తాడు గుంజగానే ఇందాకటి తోక ముక్కై పడవ బయలుదేరుతుంది. ఆ కొద్ది క్షణాల్లో గాలి మళ్లి తెరచాపను తప్పు వైపు నుంచి కొట్టిందా, కొయ్యతో సహా అంతా దుంగ మీదికి కూలుతుంది.

ఒరువ కూడా రెండు కొసలా నడిచే పడవే. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, సింహళ ద్వీపానికీ భారతదేశానికీ మధ్య సముద్రం గురించి చెబుతూ, ఇరుకు పాయల్లో తిప్పే అవసరం లేకుండా అక్కడి ఓడలకు రెండు వైపులా ముక్కులుంటాయని రాశాడు. అది ఒరువకు తాతముత్తాతల పడవే అని నేను ఒట్టేసి చెప్పను గానీ, పోలిక మాత్రం గట్టిది. అదే సముద్రంలో తమిళ జాలర్లు కొన్ని పడవల్లో దుంగ లేకుండానే పని కానిచ్చారు. పడవకు అడ్డంగా ఒక పలక వేసి, గాలి వైపు బయటికి చాచి, దాని చివరికి మనుషులు ఎక్కేవారు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో రెండు పక్కలా వెదురు బొంగులు కడతారు. రేవులో నిశ్చింతగా ఉంటుంది, ఏ వైపు గాలైనా ఒకటే. గట్టి గాలిలో మాత్రం అవతలి బొంగు మునిగి బరువుగా ఈడ్చుకొస్తుంది.

ఇక కట్టు. దుంగ ఎంత బాగున్నా, అడ్డకర్ర ఎంత గట్టిదైనా, రెంటినీ కలిపే ముడిలోనే ప్రాణమంతా ఉంది. హవాయి పాత పడవల్లో ఒళ్లు కోవా చెట్టుది, అడ్డకర్రలు సహజంగానే వంపు తిరిగే హావు కొమ్మలు, దుంగ విలివిలి మానుది. ఈ విలివిలి మన బాడిద చెట్టుకు దగ్గరి చుట్టం, ఎండితే బెండులా తేలిక. ఈ మూడింటినీ కలిపేది కొబ్బరిపీచు పేనిన తాడు. అడ్డకర్రను పడవ అంచుల మీద ఆనించి, లోపల బిగించిన వంపు కర్రతో కలిపి చుట్టు మీద చుట్టు వేస్తారు. ఒక్కో చుట్టునూ కాలు తన్నిపెట్టి గుంజుతారు. చివర ఆ చుట్ల నడుమ నుంచి అడ్డంగా తాడు తిప్పి బిగిస్తే అప్పటిదాకా వేసినవన్నీ ఒక్కసారి కరుచుకుంటాయి. మేకు కొడితే కలప చీలుతుంది, బోల్టు వేస్తే అలల తాకిడంతా ఆ ఒక్క బెజ్జం మీద పడుతుంది. తాడు కట్టు ఇటు కొంచెం అటు కొంచెం ఇస్తుంది, దెబ్బను చుట్లన్నిటికీ పంచుతుంది. తెగితే సముద్రం మీదే మళ్లీ కట్టుకోవచ్చు. ఈనాడు హవాయిలో పందేల పడవలు ఫైబరుతో పోతపోసినవే ఎక్కువ. అయినా అడ్డకర్రను వాటికి బోల్టులతో కాక తాడుతోనో రబ్బరు పట్టీలతోనో కడుతున్నారు. పాతదాని మీద ప్రేమ కాదది, అదే బాగా పనిచేస్తుంది మరి. ఆరుగురు తెడ్డు వేసే ఆ పడవలకు దుంగ ఎప్పుడూ ఎడమ వైపే. కొత్తగా చేరినవాడికి మొదట నేర్పేది కుడి పక్కకు ఒరగవద్దని.

యూరపువాళ్లు ఈ పడవలను చూసి నోరు వెళ్లబెట్టారనడానికి రాతకోతల సాక్ష్యం ఉంది. 1742లో ఇంగ్లీషు నౌకాధిపతి జార్జ్ ఆన్సన్ మేరియానా దీవుల్లోని టినియాన్‌లో చమోరో జనం పడవ ఒకటి పట్టుకున్నాడు. అతని అధికారి పియర్సీ బ్రెట్ దాన్ని కొలతలతో సహా గీశాడు. మంచి గాలిలో గంటకు 20 మైళ్లకు దగ్గరగా పోతుందని 1748లో అచ్చయిన యాత్రాగ్రంథం అంచనా కట్టింది. ఆ అంచనాలో అబ్బురం పాలు కొంత ఉండవచ్చు. ఆ బొమ్మ మిగిలింది గానీ, స్పెయిన్ పాలనలో చమోరోల పడవల విద్య కనుమరుగైపోయింది. అమెరికాలోనూ ఇలాంటి అబ్బురమే జరిగింది. 1876లో న్యూయార్క్ పడవ పందెంలో పడవల రూపశిల్పి నథానియల్ హెరెషాఫ్ రెండు పడవలను జతచేసి కట్టిన అమరిలిస్ అన్నిటినీ వెనక్కి నెట్టేస్తే, అలాంటివి మాతో పోటీకి రాకూడదని పెద్దమనుషులు తలుపు వేసేశారు. ఓడిపోయినవాళ్లే నియమాలు రాస్తే అంతే.

రెండు పడవలను జతచేయడం కూడా దుంగ సూత్రమే, దుంగ స్థానంలో రెండో పడవ వస్తుంది. 1975లో హవాయిలో నీటిలోకి దింపిన హోకులేయా అలాంటిదే. కరోలిన్ దీవుల్లోని సాతావల్‌కు చెందిన మావు పియైలుగ్ 1976లో దిక్సూచి లేకుండా, నక్షత్రాలూ అలలూ చూసుకుంటూ దాన్ని నెల రోజులకు పైగా నడిపి తాహితీ చేర్చాడు. ఆ కరోలిన్ దీవుల పడవ కట్టడాన్నీ దారి వెతికే విద్యనూ యునెస్కో 2021లో తక్షణం కాపాడుకోవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది.

మన తీరానికి వస్తే, విశాఖ, శ్రీకాకుళం జాలర్లది తెప్ప దారి. ఒడ్డునే విరుచుకుపడే కెరటాలను దాటి వెళ్లాలి, వాటి మీదే తిరిగి రావాలి. అక్కడ బయటికి చాచిన దుంగ ఇసుకకు తగిలి విరుగుతుంది. తాళ్లతో కట్టిన దుంగల తెప్పకు నీరు నిండే బాధే లేదు, పక్కకు కొట్టుకుపోకుండా నీటిలోకి ఒక పలక దించితే చాలు. కానీ కెరటాలు లేని చోట, కృష్ణా గోదావరి లంకల్లో, కొల్లేట్లో, మనవాళ్లూ అదే సూత్రాన్ని పట్టుకున్నారు. ఒంటి తాటిదోనె గుండ్రటి అడుగుతో ఊరికే దొర్లుతుంది. రెండింటిని పక్కపక్కన పెట్టి అడ్డకర్రలు కడితే సంగడి. మనుషులను, సామానును దాటించేది.

మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణం మీద పుస్తకం వేశాడు, తర్వాత పసిఫిక్ పడవల మీద పెద్ద సంపుటమే రాశాడు. ఆ కొలతల పనిని మన కాలంలో మనవాళ్లు కొనసాగించాలి. విశాఖలో నౌకానిర్మాణం చదువుతున్న పిల్లలకు నాదొక విన్నపం. సంగడి కట్టడం చేతనైన పెద్దవాళ్లు మీ అమ్మమ్మ ఊళ్లో, తాతగారి లంకలో ఎవరైనా ఉంటే ఈ సెలవుల్లోనే టేపు పట్టుకుని వెళ్లండి. దోనెల మధ్య ఎడం ఎంత, అడ్డకర్ర ఏ చెట్టుది, ఎక్కడ పెట్టారు, కట్టు ఎన్ని చుట్లు, ఏ తాడుతో వేశారు, ఎంత బరువుకు ఎంత మునుగుతుంది, అన్నీ రాసుకోండి, బొమ్మ గీసుకోండి.